మా బావమరిది కత్తి

మా బావమరిది కత్తి కొన్నాడు. ఈ మాట నలుగురికీ తెలిసేసరికి మా పక్కింటి పంతులుగారు నన్ను చాటుకు పిలిచి, ఆస్తి తగాదాలేమైనా వున్నాయా అని అడిగారు. ఆస్తి వుంటే కదండీ తగాదా! అది మనుషుల్ని పొడిచే కత్తీ కాదు, కూరలు తరిగే కత్తీ కాదు. వినైల్ కట్టర్ అని, స్టిక్కర్లు కోసే మిషను. చూడ్డానికి పెద్ద ప్రింటరులాగే వుంటుంది గాని, ప్రింటరులో సిరా వుండేచోట దీనికి చిన్న కత్తిమొన వుంటుంది. రోలర్లు స్టిక్కరు షీటును ముందుకీ వెనక్కీ లాగుతూంటే కత్తి కుడికీ ఎడమకీ పరుగెడుతుంది. ఈ రెండు నడకలూ కలిస్తే సున్న అవుతుంది, ‘శ్రీ’ అవుతుంది. ఆటోల వెనక పేర్లు, డాక్టర్ల గాజుతలుపుల మీద వేళలు, మోటారుసైకిళ్ళ మీద దేవుళ్ళ పేర్లు – యివన్నీ దాని చలవే.

మిషను ఖరీదు ముప్పయ్యారు వేలు. వాడి భార్య, నాకు చెల్లెలు వరస, రెండు జతల గాజులు బ్యాంకులో పెట్టింది. కొట్టు తెనాలిలో. అంతకుముందు అదే గదిలో మా మావయ్యగారు నలభై యేళ్ళు కుంచెతో బోర్డులు రాశారు. ఫ్లెక్సులు వచ్చాక రంగుడబ్బాలు అటకెక్కాయి. మోకాళ్ళు అరిగాయి, నిచ్చెన ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు. చేతికి మాత్రం ఏ జబ్బూ లేదు. అదే ఆయన బాధ.

నేను ఓ ప్రెస్సులో యిరవై యేడేళ్ళు డీటీపీ చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అంచేత కంప్యూటరుకు ఏ రోగం వచ్చినా మా అత్తవారి తరఫువాళ్ళు నన్ను వైద్యుడి కింద జమకడతారు. మిషను దిగిన మర్నాడే ఫోను వచ్చింది.

“బావా! మిషనుతో వచ్చిన సీడీలో ప్రోగ్రాము వుంది గాని, అందులో తెలుగు కొడితే డబ్బాలు పడుతున్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ వెయ్యమంటావు?”

నేను వెళ్ళేసరికే అక్కడ సలహాల సంత. ఫ్లెక్సు కొట్టు ఆయన కోరల్‌డ్రా తప్ప మరోటి తాకవద్దన్నాడట. ఇంజనీరింగు చదివే కుర్రాడొకడు ఇలస్ట్రేటర్ అన్నాడట. డల్లాసులో వున్న మా అమ్మాయి ఫోనులో తన చిన్న మిషనునీ, దాంతో వచ్చే ప్రోగ్రామునీ పొగిడిందట. పెళ్ళిసంబంధాల్లాగే ప్రతివాడూ తాను చేసుకున్నదే మంచి సంబంధమంటాడు. పిల్లవాడికి ఏం కావాలో అడిగినవాడు లేడు. ఇక్కడ పిల్లవాడు అంటే కత్తి.

కత్తికి ఏం కావాలి? ముగ్గు పెట్టే చెయ్యి వున్న పాఠకురాళ్ళకు యిది యిట్టే తెలుస్తుంది. ఫోటో అనేది రంగులపొడి చల్లి నింపిన రంగవల్లి లాంటిది. దగ్గరికి వెళ్ళి చూస్తే అంతా రేణువులే. ఏనుగు అంచు ఎక్కడో ఏ రేణువుకూ తెలియదు. చుక్కలముగ్గు అలా కాదు. ఇన్ని చుక్కలు, ఈ చుక్క నుంచి ఆ చుక్కకు యిలా వంపు తిరిగిన గీత, అంతే లెక్క. ఆ లెక్క తెలిస్తే అదే ముగ్గు అరచేతిలోనూ పెట్టవచ్చు, గుడి ముంగిట్లోనూ పెట్టవచ్చు. కత్తికి కావలసింది ఆ చుక్కలముగ్గు. దాన్నే వెక్టర్ అంటారు.

అయితే కత్తి గీతను మించి మరేదీ చూడదు. రంగు చూడదు. గీత లావు చూడదు. మనం తెర మీద లావుపాటి గీత గీసి మురిసిపోతే, కత్తి దాని నడుమ సన్నగా ఒకసారి కోసి వెళ్ళిపోతుంది. లావుగీతకు రెండు అంచులు కావాలంటే ‘స్ట్రోక్ టు పాత్’ అనే ఆజ్ఞ యిచ్చి, గీతను ఆకారంగా మార్చాలి. ఒకదాని కింద ఒకటి దాగిన బొమ్మలు కూడా కత్తికి దాగినవి కావు. మా బావమరిది మొదటి వారంలో ఒక తప్పు అక్షరం మీద తెల్లడబ్బా పెట్టి మూసేశాడు. తెర మీద శుభ్రంగా వుంది. కత్తి ఆ తప్పు అక్షరాన్నీ కోసింది, మూసిన డబ్బానీ కోసింది. అర గజం ఎర్రషీటు చెత్తబుట్టలోకి పోయింది. చెల్లెలు ఏమీ అనలేదు, చేతికున్న మట్టిగాజులు ఒకసారి సవరించుకుంది.

ఈ కత్తి పుట్టుక కూడా సరదా అయినదే. వియన్నాలో 1924లో పుట్టిన జోసెఫ్ గెర్బర్ అనే యూదుబాలుడు నాజీల బారినుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరాడు. ఇంజనీరింగు చదువుతూ లెక్కలు సాగక విసిగి, తన పైజామా నడుములోని సాగే పట్టీ ఊడబెరికి, దాని మీద గీతలు పెట్టి కొలబద్దగా వాడాడట. ఎంత లాగితే అంతగా గీతల మధ్య దూరాలు సమంగా పెరుగుతాయి గదా! ఆ పట్టీయే ఆయన తొలి వ్యాపారానికి మూలం. తరవాత ఆయన కంపెనీయే 1980ల మొదట్లో బోర్డు అక్షరాలను వినైల్ షీటులో కోసే మిషనును అంగళ్ళలోకి తెచ్చింది. ఎంత లాగినా నిష్పత్తి చెడకపోవడం, ముగ్గుకైనా పైజామా పట్టీకైనా వెక్టర్‌కైనా ఒకటే సూత్రం.

కత్తితో మాట్లాడే భాష అంతకన్నా పాతది. హ్యూలెట్ పాకార్డ్ కంపెనీ 1970లలో తన గీతలు గీసే మిషన్ల కోసం పెట్టుకున్న హెచ్.పి.జి.ఎల్. అనే భాష చాలా కట్టర్లకు యిప్పటికీ అర్థమవుతుంది. అందులో వున్నవి బహు చిన్న మాటలు. ‘పి.యు.’ అంటే కలం ఎత్తు, ‘పి.డి.’ అంటే కలం దించు, వెనకాల ఎక్కడికి వెళ్ళాలో రెండంకెలు. మిల్లీమీటరును 40 భాగాలు చేసి ఆ లెక్కలో అంకెలు చెబుతారు. మావాడు కొన్న చైనా మిషను కూడా యీ భాషే మాట్లాడుతుంది. ఇది తెలియగానే నాకు సగం ప్రాణం లేచివచ్చింది. భాష తెలిసిన మిషనుకు ఒకే దుబాసీని పట్టుకు వేలాడనక్కర్లేదు.

ఇక సంబంధాల పరిశీలన. కోరల్‌డ్రా కెనడాలో పుట్టి 1989లో బయటికి వచ్చింది. మన వూళ్ళలో బోర్డులవాళ్ళంతా దాని మీదే చెయ్యి తిప్పుకున్నారు. పని తెలిసిన కుర్రాడు కావాలంటే దొరుకుతాడు, పక్కకొట్టు నుంచి వచ్చిన ఫైలు తెరుచుకుంటుంది. ఇవి చిన్న గుణాలు కావు. కాని డబ్బిచ్చి కొనాలి. “డబ్బెందుకు బావా, ఊళ్ళో పది రూపాయల సీడీ దొరుకుతుంది” అన్నాడు మావాడు. దొంగసరుకు మీద దుకాణం పెట్టడం నాకు సమ్మతం కాదని చెప్పాను. మావయ్యగారు లోపలినుంచి, “ఒరే, నేను కుంచె కూడా అరువు తేలేదురా” అన్నారు. ఆ సంభాషణ అక్కడితో ముగిసింది.

ఇలస్ట్రేటర్ 1987 నాటిది, ఘనమైనది. 2013 నుంచి దాన్ని అద్దె పద్ధతిలోకి మార్చారు. నెలనెలా కట్టాలి, మానేస్తే తాళం పడుతుంది. పెద్ద కంపెనీలకు ఫరవాలేదు. గాజుల మీద వడ్డీ కట్టేవాడు మరో నెలవారీ బాకీ నెత్తిన పెట్టుకోవడమెందుకు?

మా అమ్మాయి మిషను క్రికట్. వరలక్ష్మీవ్రతానికి తాంబూలపు డబ్బాల మీద ముత్తైదువుల పేర్లు అంటించి యిస్తుంది, ముచ్చటగా వుంటాయి. ఆ మిషను ఆ కంపెనీవారి డిజైన్ స్పేస్ అనే ప్రోగ్రాము మాటే వింటుంది, పరాయివాడి మాట వినదు. ఇంటి ముచ్చటకు అది చాలు, పైగా సుళువు. కాని 2021 మార్చిలో ఆ కంపెనీ, చందా కట్టనివాళ్ళు తమ సొంత బొమ్మల్ని నెలకు 20కి మించి ఎక్కించరాదని ప్రకటించింది. దేశం నిండా గోల లేచింది. వారం పది రోజుల్లోనే ఆ ఆలోచన మానుకున్నారు. “మానుకున్నారుగా నాన్నా” అంది అమ్మాయి. మానుకున్నారమ్మా, మంచిదే. నీ తాంబూలాలు ఒక నెల ఆగుతాయి. మీ మావయ్య కొట్టు ఆగితే?

సిల్‌హౌట్ వారిది మరో తీరు. వారి ప్రోగ్రాములో మామూలు రకం వుచితం. కాని ఎస్.వి.జి. అనే ఫైలు తెరవాలంటే డబ్బుపెట్టి పై మెట్టు ఎక్కాలి. డి.ఎక్స్.ఎఫ్. అయితే వూరికే తెరుస్తుంది. ఈ ఎస్.వి.జి. సంగతి గట్టిగా చెప్పాలి. ఎందుకంటే నా మొత్తం తీర్పు దాని మీదే వుంది.

డీటీపీ రోజుల్లో మేము పేజ్‌మేకర్‌లో వేలకొద్దీ శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు చేశాం. పేజ్‌మేకర్ 7.0 2001లో వచ్చింది, అదే ఆఖరు. తెలుగు అక్షరాలేమో అప్పటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కాపురం వుండేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ‘శుభలేఖ’ కాస్తా పిచ్చి ఇంగ్లీషయి కూర్చుంటుంది. ఫైళ్ళు భద్రంగానే వున్నాయి, చదివే నాథుడే లేడు. ఇరవై యేడేళ్ళ పని డిస్కుల్లో యిలా మూగవోవడం చూసినవాడు ఎవడైనా, కొత్తవాడికి ఒక్క ముక్కే చెబుతాడు. నాయనా, గీసేది ఎందులో గీసినా, దాచేది మాత్రం పదిమందీ చదవగల రూపంలో దాచు.

ఎస్.వి.జి. అలాంటి రూపం. 2001లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దాన్ని ప్రమాణంగా వెలువరించింది. నోట్‌ప్యాడులో తెరిచినా లోపల చుక్కల లెక్కలు అక్షరాలా కనబడతాయి. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. దాన్నే సొంత రూపంగా వాడే ఇంక్‌స్కేప్ అనే వుచిత ప్రోగ్రాము 2003లో మొదలైంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు కూడబలుక్కుని నడుపుతున్నది. పేరు పక్కన 1.0 అని వేసుకోవడానికి 2020 దాకా ఆగారు, అంతటి వినయం! కొంచెం నెమ్మది మనిషి. పెద్ద ఫైలు యిస్తే ఆలోచిస్తూ కూర్చుంటుంది. కోరల్‌లో చెయ్యి తిరిగినవాడికి మొదట మొదట విసుగు పుట్టిస్తుంది. అయినా నేను దానికే ఓటు వేశాను. గీసేది, దాచేది అందులో. కోసేటప్పుడు ఆ మిషనుకు ఏ దారి కుదిరితే ఆ దారి. ఈ రెండు పనులూ ఒకే ప్రోగ్రాముకు అప్పజెప్పి తాళంచెవి దాని చేతికే యివ్వకూడదని నా పట్టు.

తెలుగు దగ్గర అసలు పరీక్ష వచ్చింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది గాని, డిజైను ప్రోగ్రాములు వత్తులు సరిగా పేర్చడం నేర్వడానికి చాలా యేళ్ళు పట్టింది. పాత వెర్షన్లలో ‘శ్రీ’ కొడితే శ ఒకచోటా, ర ఒకచోటా, గుడి మరోచోటా పడి, సంసారం విడిపోయినట్టుండేది. ఇంక్‌స్కేప్ పేర్పు బాగానే వుంది. ఫాంట్లకూ కరువు లేదు. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి అని సిలికానాంధ్రవారు వెలువరించినవి వున్నాయి, అందులో ‘తెనాలి రామకృష్ణ’ కూడా వుంది. అవి కాక ‘హింద్ గుంటూరు’, ‘బాలూ తమ్ముడు’ వున్నాయి. ఇవన్నీ వ్యాపారానికి కూడా వుచితంగా వాడుకోవచ్చునని లైసెన్సులోనే రాసివుంది. మా వూరి పేరూ, మా జిల్లా పేరూ ఫాంట్లకు వున్నాయని తెలిసి మావాడు కొట్టుకు వచ్చినవాడికల్లా చూపించాడు.

కాని కత్తికి ఫాంటు అంటే ఏమిటో తెలియదు గదా. ముందు అక్షరాలను గీతలుగా మార్చాలి. అప్పుడు బయటపడుతుంది అసలు గుట్టు. చాలా ఫాంట్లలో తలకట్టు, గుడి, కొమ్ము విడివిడి ముక్కలుగా వుండి, అక్షరం మీదికి కాస్త ఎక్కి కూర్చుంటాయి. కంటికి ఒకటే అక్షరం. కత్తికి రెండు ముక్కలు. ఎక్కి కూర్చున్న చోటల్లా అడ్డంగా కోసేస్తుంది. అంటించేటప్పుడు తలకట్టు ఒక దారి, క ఒక దారి. అందుకని ‘యూనియన్’ అనే ఆజ్ఞతో ముక్కల్ని కలిపి ఒకే అంచుగా చెయ్యాలి. కొనబోయే ప్రోగ్రాము ఏదైనా సరే, కొట్లో నిలబడి ‘స్త్రీ’ అని కొట్టించి, గీతలుగా మార్పించి, కలిపించి చూడండి. మిగతా పొగడ్తలన్నీ తరవాత.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకుని ఒక హోటలు గాజుతలుపుకు ‘భోజనము’ కోశాం. కోసిన తరవాత అక్షరాలు కానిదంతా ఒలిచి పారెయ్యాలి. దాన్ని వీడింగ్ అంటారు. బియ్యంలో రాళ్ళేరే ఓపిక కావాలి. చెల్లెలు పిన్నీసు పుచ్చుకుని ఆ పనిలో ఆరితేరింది. అంత చేతివాటం వున్న మనిషికీ భ కింద ఒత్తుగీత నిలవలేదు. మినపగింజంత ముక్క, ఒలిచే తొక్కతోపాటే లేచిపోయింది. మిగిలింది ‘బోజనము’.

మావయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు.

“భోజనానికి ముందే ఒత్తు మింగేశారేమిటి అల్లుడుగారూ?”

“చిన్న ముక్కండీ. పెద్ద అక్షరాలైతే నిలుస్తుంది. ఈ సైజులో కష్టం.”

“ధ, ఫ, ఢ, ఛ అన్నిటికీ యిదే గతా?”

“అన్నిటికీ అంతేనండీ. థ కడుపులో చుక్కకు కూడాను.”

ఆయన కాసేపు వూరుకున్నారు. తరవాత లేచి అటక కింద వెదికి, తుప్పుపట్టిన రేకొకటి తెచ్చారు. ధాన్యం బస్తాల మీద రంగు వెయ్యడానికి ఏనాడో కోసిన అచ్చు.

“చూడండి. రేకు అచ్చులో అక్షరం కడుపు రాలిపోతుంది. అందుకని యిదుగో, వంతెన వదిలేవాళ్ళం. మీ స్టిక్కరుకు తల్లకిందులు. కడుపు పోయినా నష్టం లేదు, విడిగా వున్న ఒత్తు పోతుంది. వంతెన కట్టవలసింది అక్కడ. ఒత్తును అక్షరం కాలికి తగిలించి రాయండి. కుంచెతో రాసేటప్పుడు నేను యెత్తకుండా ఒక్క లాగులో అలాగే రాసేవాణ్ణి, తొందరపని వచ్చినప్పుడు.”

కాగితం తీసుకుని భ రాసి చూపించారు. ఒత్తు పాదం నుంచి తోకలాగా దిగింది. చూడగానే భ, ఎవరూ బ అనుకోరు. విడిగా లేదు. దాన్ని ఊడబెరకడం చెల్లెలి పిన్నీసు వల్ల కూడా కాదు.

ఆ రోజునుంచి మా పని మారిపోయింది. దొరికిన ఫాంటు వెతుక్కోవడం మాని, ఆయన అక్షరాలనే మిషనులోకి తేవాలని నిర్ణయించుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ నిర్ణయం మాది కాదు. మర్నాడు పొద్దున్నే ఆయన నల్లరంగు కలుపుకుని చార్టుకాగితం ముందు కూర్చున్నారు, అంతే. ఫ్లెక్సులు వచ్చాక ఆయన అలా కూర్చోవడం చూడలేదని మా ఆవిడ తరవాత చెప్పింది.

ఒక్కొక్క అక్షరం నాలుగంగుళాల ఎత్తున రాశారు. స్కానరులో పెట్టి తీశాం. ఇంక్‌స్కేప్‌లో ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ అని వుంది, నలుపు తెలుపుల అంచు పట్టుకుని దానంతట అదే గీత గీస్తుంది. క్షణంలో అయిపోయింది. మావాడు ఎగిరి గంతేశాడు. మావయ్యగారికి తెర మీద పెద్దది చేసి చూపించాం.

“ఒరే, నా క ఒంటినిండా ఈ పొక్కులేమిటి?”

నిజమే. కాగితం నూగు, రంగు చెదురు, అన్నీ అంచులోకి వచ్చాయి. ఒక్క క చుట్టూ వందలకొద్దీ చుక్కలు. అలాంటి గీత యిస్తే కత్తి గరగరమని నత్తినత్తిగా పోతుంది, అంచు రంపంలా వస్తుంది. చుక్కలు తగ్గించే ఆజ్ఞ వుంది గాని, అది పొక్కులతోపాటు ముక్కుచెవులు కూడా చెక్కేస్తుంది. ఆఖరికి ట్రేసును అడుగున వుంచి, పైన మావాడు పెన్‌టూలుతో తాజాగా గీశాడు. వంపు మొదలైనచోట ఒక చుక్క, తిరిగినచోట ఒక చుక్క, ముగిసినచోట ఒక చుక్క. క కి పాతిక లోపే సరిపోయాయి. అప్పుడు కత్తి సర్రున జారిపోయింది. ఆ చప్పుడు విని మావయ్యగారు కాగితం మీదినుంచి తలెత్తకుండానే, “ఇప్పుడు కుదిరింది” అన్నారు. కుంచె చప్పుడు తెలిసిన చెవి.

దీన్ని ఫాంటుగా చెయ్యవచ్చుగదా అని మీరు అడగవచ్చు. చెయ్యవచ్చు, దానికీ వుచిత ప్రోగ్రాములున్నాయి. కాని తెలుగు ఫాంటు అంటే ఏ వత్తు ఏ అక్షరం కింద ఎక్కడ కూర్చోవాలో నియమాలన్నీ రాయాలి, అదొక పెద్ద విద్య. ప్రస్తుతానికి ప్రెస్సులో టైపు కేసు ఎలా వుండేదో అలా ఒకే ఎస్.వి.జి. ఫైలులో అక్షరాలు, గుణింతాలు, వత్తులు గళ్ళుగళ్ళుగా పేర్చాం. పేరు కావాలంటే ముక్కలు తెచ్చి, చేత్తో పేర్చి, యూనియన్ చేస్తాం. ఆలస్యమే. కాని అక్షరాల మధ్య ఎడం మావయ్యగారి కన్ను చూస్తుంది. ‘ర’ పక్కన గాలి ఎక్కువ, ‘మ’ పక్కన తక్కువ అని ఆయన చెప్పే లెక్క ఏ ప్రోగ్రాములోనూ నాకు కనబడలేదు.

కోతకు ఇంక్‌స్కేప్‌లోనే ‘ప్లాట్’ అనే పొడిగింపు వుంది. హెచ్.పి.జి.ఎల్.లో నేరుగా మిషనుకు పంపుతుంది. అందులో రెండంకెలు తెలుసుకోవాలి. కత్తిమొన యిరుసుకు సరిగ్గా కింద వుండదు, ఆసుపత్రి మంచం చక్రంలాగా కొంచెం వెనకబడి యీడ్చుకుంటూ వస్తుంది. ఆ వెనకబాటు చాలా కత్తులకు 0.25 మిల్లీమీటరు. ఆ అంకె చెప్పకపోతే చదరాల మూలలు గుండ్రమైపోతాయి. రెండోది, బయల్దేరినచోటికి తిరిగివచ్చాక ఒక మిల్లీమీటరు అదనంగా కోయించాలి. లేకపోతే అక్కడ సన్నని పోగు తెగక మిగిలి, ఒలిచేటప్పుడు అక్షరాన్ని కూడా లాక్కుపోతుంది. ఇక బరువు సంగతి. స్టిక్కరు మందం మిల్లీమీటరులో పన్నెండో వంతు కూడా వుండదు. అది తెగాలి, అడుగు కాగితం తెగకూడదు. అందుకని ప్రతి కొత్త రోలుకూ ముందు మూలన ఒక చిన్న చదరం కోసి, ఒలిచి చూడ్డం వాడికి యిప్పుడు దీపం పెట్టడంలాగా అలవాటైంది. గాజుకు లోపలివైపు అంటించేవీ, చొక్కాలకు ఇస్త్రీతో అంటించేవీ తిరగేసి కోయాలని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసిపెట్టుకున్నాడు. ఆ ఎర్ర అక్షరాల వెనక ఒక కబడ్డీ జట్టు చొక్కాల కథ వుంది, అది వాడే చెప్పాలి.

సంక్రాంతికి పది రోజుల ముందు మిషనులో ఏదో కాలింది. బాగుచేసేవాడు పట్టుకుపోయి మూడు వారాలన్నాడు. చేతిలో పండగ పని, బ్యాంకులో వాయిదా. మావాడి ముఖం చూడలేకపోయాం. అయితే ఫైళ్ళు మన దగ్గరే వున్నాయిగా! పెన్‌డ్రైవులో వేసుకుని గుంటూరులో ఒక స్నేహితుడి కొట్టుకు వెళ్ళారు తండ్రీకొడుకులు. అక్కడ జపాను మిషను, కంప్యూటరులో మరో ప్రోగ్రాము. ఎస్.వి.జి. తెరుచుకుంది. కాని బొమ్మ పెద్దదైంది. కొన్ని ప్రోగ్రాములు అంగుళానికి 96 చుక్కలని లెక్కపెడితే మరికొన్ని 72 అంటాయి, దాంతో పది సెంటీమీటర్లది పదమూడు దాటి కూర్చుంటుంది. ఇంక్‌స్కేప్ తానే 2017లో 90 నుంచి 96కు మారింది. ఈ గొడవ తెలిసే ప్రతి ఫైలు మూలనా సరిగ్గా పది సెంటీమీటర్ల చదరం ఒకటి పెట్టమని ముందే చెప్పివుంచాను. ఆ చదరం కొలిచి, బొమ్మ మొత్తాన్ని దానికి సరిపడా తగ్గించుకున్నారు. రాత్రి పదకొండింటి దాకా కోసుకుని ఆఖరి బస్సులో వచ్చారు. పండగ బాకీలు ఒక్కటీ తప్పలేదు. గాజుల్లో ఒక జత మార్చిలో యింటికి వచ్చింది. రెండోది యింకా బ్యాంకులోనే వుంది.

ఆ గుంటూరు ఆసామీ మావయ్యగారి భ చూసి, ఈ ఫాంటు ఎక్కడ దొరుకుతుంది, కొనిపెట్టండి అన్నాడట. మావయ్యగారు యింటికి వచ్చాక ఈ మాట మూడుసార్లు చెప్పారు, మూడుసార్లూ మామూలు సంగతిలాగానే.

ప్రస్తుతం పని ‘ఝ’ దగ్గర ఆగింది. మూడు కాగితాలు చింపేశారు. ఇన్ని కొమ్ములున్న అక్షరం కత్తికి దారి యివ్వదంటారు.

“ఎవరి బోర్డుకు కావాలండీ ఝ? వదిలెయ్యండి” అన్నాను.

“రేపు ఝాన్సీ అనే ఆవిడ బట్టలకొట్టు పెట్టి మనదగ్గరికి రాదని ఏమిటి మీకు నమ్మకం?” అని, నాలుగో కాగితానికి మేకులు కొట్టుకుంటున్నారు.